నేతింటి ముడి

పోయిన వారం ఇంద్రాణిని గంటగోపురం మీంచి తోసేసి, ఆమె బతికిందో లేదో చెప్పకుండా ఆపేశానని చాలామంది కోప్పడ్డారు. ఒకావిడైతే పత్రిక ఆఫీసుకే ఫోన్ చేసి, "ఆ రాసేవాడికి అక్కచెల్లెళ్ళు లేరా" అని అడిగిందట. ఉన్నారు తల్లీ, ముగ్గురున్నారు. వాళ్ళూ తిట్టారు. కాబట్టి ముందు ఆ ముక్క తేల్చేస్తాను. ఇంద్రాణి బతికే ఉంది. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, నడుము కదలకుండా పట్టీ వేసి పడుకోబెట్టారు. కాళ్ళ సంగతి మాత్రం డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఈ వారమే ఈ కథలోకి అడుగు పెట్టినవాళ్ళకి కొంచెం చెప్పాలి. 'ఏళు కన్నియర్' అనే తమిళ సినిమాల వరసలో మూడోదాని షూటింగ్ జరుగుతోంది. ఏడుగురు క్రైస్తవ సన్యాసినులు, తెల్ల అంగీలు, తల మీద ముసుగులు, చేతుల్లో కత్తులు. వాళ్ళ చర్చి అడుగున ఒక పాడుబావి ఉంటుంది. అందులోంచి రాక్షసులు పైకొస్తూ ఉంటారు, వీళ్ళు నరికి లోపలికి తోసేస్తూ ఉంటారు. కథ అంతే, దాచడానికేమీ లేదు. మొదటి రెండు భాగాలూ విరగబడి ఆడాయి. తెర మీద కనబడే మొహాలు హీరోయిన్లవి. ఎగిరే ఒళ్ళు, దూకే ఒళ్ళు, దెబ్బలు తినే ఒళ్ళు మాత్రం సత్యప్రియవీ, ఇంద్రాణివీ. డూపులు వాళ్ళు.

సత్యప్రియ పళ్ళిపట్టు దగ్గర నేతవీధి పిల్ల. ఇంద్రాణిది పట్టాభిరామ్, అక్కడి చర్చి వెనక కాలనీ. వయసులో పెద్దది, పనిలో ఇంకా పెద్దది. కింద పడేటప్పుడు భుజం ముందు ఎలా ఆనాలో సత్యప్రియకి నేర్పింది ఆమే.

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే రోడ్డు పక్కన మూతపడిన నూలు మిల్లులో చర్చి సెట్టు వేశారు. మొన్న ఇంద్రాణి గోపురం మీంచి దూకే షాట్. పై తాడు ఆమె బరువు మోస్తుంది. నడుము వెనక ఇంకో తాడు ఉంటుంది, అది ఆమెను పక్కనున్న ఇటుక స్తంభానికి కొట్టుకోకుండా వెనక్కి పట్టి ఉంచాలి. ఆ వెనక తాడు వదిలేసింది. ఇంద్రాణి వెళ్ళి స్తంభానికి గుద్దుకుంది. ఆమెను దించే తొందరలో ఎవరు ఏ కొక్కెం విప్పారో ఎవరికీ గుర్తు లేదు. చివరికి తేలిందేమిటంటే, వెనక తాడుని పట్టీకి తగిలించే నడుము కొక్కెం ఇంద్రాణే ముందుగా తీసేసిందట. ఫైట్ మాస్టరు తణికైవేల్ ఆసుపత్రిలో అడిగితే, అవునని ఆమె కూడా తలూపిందట.

ఆ మాట ఫైటర్ల సంఘానికి వెళ్ళిందా, ఇంద్రాణి సభ్యత్వం కార్డు పోతుంది. కాళ్ళు వచ్చినా సరే, కొక్కెం తీసేసే డూపుని ఏ మాస్టరూ పైకి ఎక్కించడు. సత్యప్రియకి నమ్మబుద్ధి కాలేదు. తన జీవితంలో కొక్కెం ముట్టుకోవాల్సిన క్షణం కంటే ముందు ముట్టుకున్న మనిషి కాదు ఇంద్రాణి. మరి అవునని ఎందుకు ఒప్పుకున్నట్టు?

అక్కడ ఆపాం. ఇక పదండి.

ఆ ఉదయం సత్యప్రియ తన నడుము పట్టీ తెచ్చుకోవడానికి తాళ్ళ గదికి వెళ్ళింది. ఒకప్పుడు నూలు మూటలు పెట్టిన గది అది, ఇప్పటికీ లోపల దూది వాసన. మూలన ఒక గోతం. పనికిరాని తాళ్ళన్నీ అందులో పడేస్తారు. పైనే ఒక నీలం నైలాన్ తాడు కనబడింది. చిటికెన వేలంత లావు. వెనక తాళ్ళుగా వాడేవి అవే.

ఆమె దాన్ని బయటికి లాగి కొస చూసింది. తెగిన తాడుకి పోగులు లేచి కుచ్చులా ఉంటుంది. ఈ కొసకి లేవలేదు. నున్నగా ఉంది, కాకపోతే ఒకచోట వంకర తిరిగి ఉంది, ఎక్కడో ముడిలో బిగిసి ఉండి జారిపోయినట్టు. ఆమె తాడుని చేతుల్లో జరుపుకుంటూ పోయింది. బారెడు దూరంలో వేలికి ఇంకో ముడి తగిలింది. ఇది జారలేదు. చిన్నది, ఒద్దికగా ఉంది, రెండు తోకలూ ఒకే పక్కకి ఉన్నాయి, కురచగా కోసి ఉన్నాయి.

నేతింట్లో పుట్టినవాళ్ళకి ఆ ముడి చూపించనక్కర్లేదు, చీకట్లో వేలికి తగిలినా చాలు. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది. మగ్గంలో దువ్వెనలా ఉండే పన్నె పళ్ళ సందులోంచి అడ్డం పడకుండా దాటిపోవాలి, అందుకే అంత సన్నం. గంజి పెట్టిన నూలులో వేస్తే అది ఇక ఊడదు. కానీ నైలాన్‌లో దానికి పట్టు ఉండదు. ఊరికే లాగితే ఆగుతుంది, కుదుపు తగిలితే జారుతుంది. ఆ సంగతి తాళ్ళ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

తాళ్ళు లాగేవాళ్ళలో నేతింటి మనిషి ఒక్కడే. ఆమె మేనమామ దేవేంద్రన్. పవర్‌లూమ్‌ల దెబ్బకి మగ్గం పడుకున్నాక, మాస్టరుని పీడించి పీడించి ఆయన్ని ఈ పనిలో పెట్టించింది సత్యప్రియే.

దేవేంద్రన్ మిల్లు వెనక, పాత బాయిలర్ పక్కన నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. నడివయసు దాటినవాడు, బక్కపల్చని మనిషి. మగ్గం గుంతలో ఏళ్ళ తరబడి కూర్చున్న నడుము కాబట్టి నిలబడ్డా కొంచెం ముందుకి వంగే ఉంటాడు. మేనకోడల్ని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు. తాడు ఆయన ఒళ్ళో పడేసింది.

"మామా, ఇది నువ్వు కట్టినావా?"

"యాడిది ఇది?"

"ఇంద్రాణక్క వెనక తాడు. గోతంలో పారేసుండారు."

"ఆయమ్మే కొక్కెం తీసేసిందని గదా చెప్తా ఉండారు."

"కొస చూడు. ఇది తెగలా. ఎవరూ కొయ్యలా. జారింది. ఇంకో ముడి ఇట్లనే ఉండాది, అది చూడు. ఈ యూనిట్లో మన ముడి ఏసేది ఇంకెవరు, చెప్పు."

దేవేంద్రన్ ముడి వైపు చూడను కూడా లేదు. మేనకోడలి మొహమే చూశాడు. టీ గ్లాసు మెల్లిగా కింద పెట్టాడు.

"నేను పనికి వచ్చిన మొదటి పొద్దే మాస్టరు నా చేత ఈ ముడి ఏయించినాడు. జీపుకి కట్టి లాగించినాడు. ఊడిపోయి నా మొహాన కొట్టింది. 'పార్త్తియా, చూసినావా, ఇది నీ మగ్గం కాదు' అనినాడు. ఆ పొద్దుతో సరి. మళ్ళా నా చెయ్యి ఆ ముడి తట్టు పోలా."

"మరి ఇదెట్లా వచ్చింది? గాల్లో నుంచి పడిందా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలియకపోతే ఎవరికి తెలస్తాది మామా? నిన్ను తీసుకోమని మాస్టరు కాళ్ళు పట్టుకొన్నాను నేను. వయసు అయిపోయిన మనిషి వద్దంటే, చేతులు మంచివి అని చెప్పినాను. ఇప్పుడు ఆయక్క లేచి నిలబడేదానికి లేకుండా పడుండాది. చేసింది చేసి, ఈడ నీడలో కూర్చోని టీ తాగతా ఉండావు."

ఇంత మాట ఆమె ఎప్పుడూ ఆయన్ని అనలేదు. అన్నాక తనకే నోరు చేదుగా అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

దేవేంద్రన్‌కి కోపం వచ్చింది. కోపం వస్తే అరిచే మనిషి కాదు, గొంతు ఇంకా తగ్గుతుంది. "మగ్గం గుంతలో నా పక్కన కూర్చోబెట్టుకొని పెంచినాను నిన్ను. నా మింద దోషం ఏసేటప్పుడు ఒక్క తూరి ఆలోచన చేసుండొచ్చు" అంటూ, అది తనది కాదని రుజువు చేయడానికే అన్నట్టు ఆ ముడిని వేళ్ళ మధ్యకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీంచి కిందికి దించాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

తర్వాత ముడిని అరచేతిలో మూసేశాడు.

"చెప్పు మామా."

"వదిలేయి పాపా."

"ఏం వదిలేది?"

"నేనే కట్టినానని అనుకో. పో. పోయి నీ పని చూసుకో."

ఇంతకుముందు కాదన్న మనిషి ఒక్కసారిగా అవుననడం సత్యప్రియకి అర్థం కాలేదు. ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "నాకు నిజం కావాల. నువ్వు ఏసిందే అయితే నేనేం నిన్ను చంపేస్తానా? మాస్టరు దగ్గిరికి ఇద్దరం పోదాం. ఆయక్క పేరు మటుకు చెడకూడదు."

"వద్దంటే వినవు గదా నువ్వు. చిన్నప్పటి నుంచీ అంతే."

దేవేంద్రన్ బాయిలర్ పక్కన పడున్న తాడు ముక్కలు రెండు అందుకున్నాడు. ఆమె కళ్ళ ముందే నేత ముడి వేశాడు. ఒక్క క్షణం పట్టింది. దాన్ని నీలం తాడు ముడి పక్కన ఆనించి పెట్టాడు.

"చూడు. నాది కుడి తట్టు నుంచి తిరిగింది. ఇది ఎడమ తట్టు నుంచి."

రెండూ ఒకే ముడి. కానీ ఒకదానికొకటి అద్దంలో నీడ లాగా ఉన్నాయి.

"మన వీధిలో అందురూ అమ్మ పక్కన కూర్చోని ముడి నేర్చుకొంటారు. మీ అమ్మ నిన్ను ఎదురుగ్గా కూర్చోబెట్టుకొని నేర్పింది. పక్కన చంటిదాని ఊయల ఉండె, చోటు లేదు. ఆయమ్మ కుడి నీకు ఎడమ అయిపాయ. ఎన్ని తూర్లు మార్చాలని చూసినా నీ చెయ్యి మారలా. నువ్వు కూర్చోని నేసిన చీర మింద చెయ్యి పెడితే నేను చెప్పేస్తా ఉంటిని, ఈ పోగు పాప కట్టింది అని."

సత్యప్రియ ముడి వైపే చూస్తోంది. మొదట ఏమీ గుర్తు రాలేదు. నేనెప్పుడు కట్టాను, నేనెందుకు కడతాను అని నోటిదాకా వచ్చింది. అప్పుడు వాన గుర్తుకొచ్చింది.

ఇంద్రాణి పడిన రోజు మధ్యాహ్నం వాన పడింది. షాటు ఆగింది. తనూ ఇంద్రాణీ తాళ్ళ గది అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ కబుర్లు చెప్పుకున్నారు. ఎవరో కోసి పడేసిన నీలం తాడు ముక్కలు కాళ్ళ దగ్గర ఉన్నాయి. నేతవీధిలో ఒక పట్టింపు ఉంది. తెగిన పోగు కింద పడి ఉండగా లేచి పోకూడదు. ముడి వేసి లేవాలి, లేకపోతే ఆ ఇంట్లో కూడు తెగుతుంది అంటారు. మాటల్లో ఉన్న ఆడవాళ్ళ చేతులు వాటంతట అవే ఆ పని చేస్తూ ఉంటాయి. కట్టిందని కట్టినవాళ్ళకే తెలియదు. సత్యప్రియ చేతులూ అదే చేశాయి. మూడు ముక్కలు ఒకటి చేసి, తోకలు కోసి, చుట్ట చుట్టి, లేస్తూ లేస్తూ గోడకున్న మేకుకి తగిలించింది. మంచి తాళ్ళు తగిలించే మేకు అది.

ఆమె రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. ఏడుపు రాలేదు.

"నేనే" అంది.

"నువ్వొక్కదానివే కాదు. ఆ మేకు మింద నుంచి చుట్ట తీసుకొని పోయింది నేను. లాగి చూడాల్సింది. వాన నిలిచింది, వెలుతురు పోతాది, సీక్రం సీక్రం అని మాస్టరు మిందపడినాడు. చూడలా. చూసుంటే చేతికి తగిలుండును." దేవేంద్రన్ ఆ నీలం తాడు చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్తా విను. మాస్టరు ఇంకాసేపట్లో అందుర్నీ పిలస్తాడు. ఈ ముడి నాది అని నేను చెప్తా. నేతోడి ముడి, నేతోడు కట్టినాడు. ఎవరూ రెండో మాట అడగరు. కుడి ఎడమ చూసేంత కన్ను ఈడ ఎవరికీ లేదు. ఇంద్రాణమ్మ పేరు నిలబడతాది. నీ పనీ నిలబడతాది."

"నువ్వు?"

"నాకేం, పళ్ళిపట్టు బస్సు ఎక్కి ఇంటికి పోతా. మగ్గం ఉండనే ఉండాది. నువ్వు యాడికి పోతావు?"

ఉన్నదున్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ మాట విన్న క్షణాన సత్యప్రియకి కలిగింది సిగ్గు కాదు. హాయి. గొంతు మీంచి ఎవరో కాలు తీసినట్టు అనిపించింది. నిజమే కదా, మామ చెప్పింది బాగుంది కదా, ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం మామ మొహం చూడలేకపోయింది.

"అట్లా వద్దు మామా."

"ఎందుకు వద్దు? తప్పు చేసినా తెలిసి చేసినావా? ఆడబిడ్డవి. ఈ పనిలో ఒక్క తూరి పేరు పోతే మళ్ళా రాదు. నేను చూసుకొంటానంటే నీకేం?"

"ఇప్పుడే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినాను. తిట్టిన తప్పు నాది అయినాక నువ్వు మోస్తావా?"

"మామ అంటే ఇంకెందుకు?" అన్నాడు దేవేంద్రన్. అంత మామూలుగా అన్నాడు. మైకులో అందర్నీ సెట్టులోకి రమ్మని పిలుపు వచ్చింది. ఆయన లేచి, లుంగీ దులుపుకుని, ఆమె కంటే ముందు నడిచాడు.

తర్వాతి షాటు కోసం సత్యప్రియకి అప్పటికే వేషం వేసేశారు. తెల్ల అంగీ, నల్ల ముసుగు, మెడలో కొయ్య శిలువ, నడుముకి అట్ట కత్తి. ఆ వేషంతోనే చర్చి సెట్టులో అందరి మధ్యా నిలబడింది. ముందు ఒక కుర్చీలో మాస్టరు తణికైవేల్ కూర్చున్నాడు. తిరుత్తణి మనిషి. తెలుగూ తమిళమూ కలిపే మాట్లాడతాడు, కోపం వస్తే రెండూ మానేస్తాడు. పక్కన ప్రొడక్షన్ మేనేజర్ మురళీధరన్ నిలబడి, పది మందిలో ఉన్నా ఫోనే చూసుకుంటున్నాడు.

"ఈ సాయంత్రం సంఘానికి చెప్పాల" అన్నాడు మాస్టరు. "ఇంద్రాణి కొక్కెం తీసింది. ఆ పిల్లే ఒప్పుకొనింది. వేరే ఎవరన్నా వేరే మాదిరి చూసుంటే ఇప్పుడే చెప్పండి. అప్పురం, అంతా అయినాక, నా దగ్గిరికి రావద్దు."

దేవేంద్రన్ ముందుకి వచ్చాడు. చొక్కా లోంచి నీలం తాడు తీశాడు. "అయ్యా, ఆయమ్మ తప్పేం లేదు. ఈ తాడు జారింది. ముడి నేను..."

"మామ అబద్ధం చెప్తా ఉండాడు" అంది సత్యప్రియ.

మాట పైకి వచ్చేసింది కాబట్టి ఇక ఆగడానికి ఏమీ లేదు. ఆమె వచ్చి మామ చేతిలోంచి తాడు తీసుకుంది. వాన సంగతి, అరుగు సంగతి, మేకు సంగతి చెప్పింది. ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా తనని తాను తిట్టుకోలేదు. తర్వాత అక్కడే పడున్న రెండు నైలాన్ తాడు ముక్కలు తీసుకుని అందరూ చూస్తుండగా ముడి వేసింది. వేళ్ళు ఏం చేశాయో చూసేలోపే అయిపోయింది. ఒక కొస మాస్టరుకి ఇచ్చింది, ఇంకొకటి తాళ్ళు లాగే మనిషికి ఇచ్చింది.

"కుదపండి మాస్టర్."

మాస్టరు మొదట మెల్లిగా లాగాడు. ఆగింది. రెండోసారి గట్టిగా కుదిపాడు. ముడి మూడు వేళ్ళ దూరం జారి, చటుక్కున ఊడిపోయింది. కొస ఎగిరి ఆయన మోకాలికి తగిలింది.

ముందుగా నోరు తెరిచింది మురళీధరన్. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఈ నాలుగు గోడల మధ్య ఉండనీ. ముడి లేదు, తాడు లేదు. బయటికి పోతే షూటింగ్ ఆగిపోతుంది, అందరి కడుపూ కొట్టినట్టు అవుతుంది. ఏమ్మా, నువ్వు పోయి షాటుకి రెడీగా ఉండు."

"రెడీగా ఉండేదానికి ఏం లేదు" అన్నాడు తణికైవేల్. చేతిలో కొసని చుట్టుకుంటున్నాడు. "ఇంద్రాణి పేరు మింద ఇంక ఒక్క మాట పోదు. తాడు జారిందని సంఘానికి నేను చెప్తా. లాగి చూడకుండా పైకి పంపినందుకు నన్నూ అడుగుతారు. అడగనీ." సత్యప్రియ వైపు తిరిగాడు. "నీ కార్డు సంగతి వాళ్ళు చెప్తారు. ఈ సినిమాలో మటుకు నీకు ఇంక తాడు లేదు, కత్తి లేదు. సరియా?"

"సరి మాస్టర్."

"ఆ పిల్లకి ఎవురు చెప్పేది?"

"నేను చెప్తాను."

అట్ట కత్తి తీసి ఆయన కుర్చీ పక్కన పెట్టింది. మామ ఏదో అనబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసి గేటు వైపు నడిచింది. వేషం మార్చుకుందామంటే బట్టల వ్యాను తిరుత్తణికి ఏదో సరుకు తేవడానికి పోయింది. అది వచ్చేదాకా ఆగితే ఈ ధైర్యం ఉంటుందో ఉండదో అనుకుని ఆ బట్టలతోనే రోడ్డెక్కి చెయ్యి ఎత్తింది.

తిరువళ్ళూరు బస్సు స్టాపు కాని చోట ఆగింది. ఆమె ఎక్కగానే ఒకామె లేచి, "సిస్టర్, ఉక్కారుంగ" అని సీటు ఇచ్చింది. వద్దంటే నలుగురూ చూస్తారు, కూర్చుంటే మోసం చేస్తున్నట్టు బాధ. కూర్చుంది. కండక్టరు టికెట్ ఇస్తూ చిల్లర రెండు చేతులతో అందించాడు. పక్క సీటు పెద్దాయన, "ఏ చర్చి సిస్టర్ మీది?" అని తమిళంలో అడిగాడు. "మిల్లు పక్కన" అంది సత్యప్రియ. ఆయన ఆ పక్క చర్చి ఎప్పుడు కట్టారా అని మణవాళనగర్ వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆ వేళ లోపలికి పంపరు. కానీ ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని చూసి టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు. మేడ మీద వరండా చివరి గది. తలుపు సగం తెరిచి ఉంది. బయట బల్ల మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. పూల చీర, చేతిలో జపమాల, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు. మాట వినకుండానే పోలిక తెలిసింది. అదే గడ్డం, అవే కనుబొమలు. ఇంద్రాణి తల్లి రాజామణి.

ఇన్నాళ్ళ స్నేహంలో సత్యప్రియ ఆమెని చూడలేదు. పట్టాభిరామ్ రమ్మని ఇంద్రాణి పిలుస్తూనే ఉండేది, ఈమె రేపు మాపు అంటూనే ఉండేది. ప్రమాదం నాడు మగవాళ్ళే బండిలో తీసుకొచ్చారు.

రాజామణి ఆమెని చూసి లేచి నిలబడింది. "వాంగ సిస్టర్" అంది. సత్యప్రియ "కూర్చోండమ్మా" అనగానే ఆమె మొహం వెలిగింది.

"తెలుగా మీరు? మనోళ్ళే. ఫాదర్ పంపినాడా?" అని జవాబు కోసం ఆగకుండా రెండు చేతులూ పట్టుకుంది. "మంచి టైముకి వచ్చినారు సిస్టర్. పొద్దున డాక్టరు చెప్పేసినాడు. కుడి కాలు వస్తాది, ఎడమ కాలు చెప్పలేము అనినాడు. పాప నిద్రపోతా ఉండాది. దానికి ఇంకా చెప్పలా."

"అమ్మా, నేను..."

"ఒక మాట మీకు చెప్పాల. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు ఏయించుకొనింది నా కూతురు. మీకు చెప్తే దేవునికి చెప్పినట్టే గదా, తప్పు లేదు." రాజామణి గొంతు తగ్గించింది. "కొక్కెం నేనే తీసినానని అందురికీ చెప్తా ఉండాది. అంతా పొయ్యి, అబద్ధం. పైకి పోతా ఉండేటప్పుడు తాడులో ముడి చూసిందంట. చూసిందా, ఆపి కిందికి దిగాల గదా? దిగలా. దాని ఫ్రెండు ప్రియ అని ఒక పిల్ల ఉండాది. మగ్గం ఇంటి పిల్లంట. మా ఇంటి ముడి ప్రాణం పోయినా ఊడదక్కా అని ఆ వానలో కూర్చోని కడతా చెప్పిందంట. ప్రియ కట్టింది గదా, ఇంకేం భయమని దూకేసింది నా బిడ్డ."

సత్యప్రియకి ఆ మాట తను అన్నట్టు గుర్తు లేదు. అనే ఉంటుంది. వేరుశనక్కాయలు తింటూ మనిషి ఏమైనా అంటుంది.

"ఇప్పుడు ఆ పిల్ల పేరు చెడిపోతాదని ఇది నోరు మూసుకొని పడుండాది. ఆ పిల్ల ఒక్క తూరి కూడా తొంగి చూసింది లేదు." రాజామణి కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు వదల్లేదు. "నా బిడ్డ కాలు కోసం జపం చెయ్యండి సిస్టర్. ఆ పిల్లని క్షమించే మనసు ఇమ్మని మటుకు అడగొద్దు. నాకు అది ఇంకా రాలా. వచ్చినప్పుడు నేనే అడుక్కొంటా."

ఇంతలో లోపల్నించి మగతగా ఇంద్రాణి గొంతు వినబడింది. "ఎవురమ్మా?"

"సిస్టర్ వచ్చినారే, మనోళ్ళు" అని లోపలికి చెప్పి, రాజామణి మళ్ళీ ఇటు తిరిగింది. "మీ పేరేం సిస్టర్?"

మాస్టరు ముందు ఒప్పుకోవడం ఇంత కష్టం కాలేదు. మరియ అనో తెరెసా అనో ఒక పేరు చెప్పి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. ఈ తల్లి మనసు కాసేపైనా చల్లబడుతుంది. సత్యప్రియ అది కూడా ఆలోచించింది. తర్వాత తల మీద ముసుగు వెనక్కి లాగేసింది.

"నేను సిస్టర్‌ని కాదమ్మా. ఇవి సినిమా బట్టలు. నేను సత్యప్రియని. ఆ ముడి కట్టింది నేనే."

రాజామణి ఆమె మొహం చూసింది. బట్టలు చూసింది. ఇంకా తన చేతుల్లోనే ఉన్న ఆ రెండు చేతుల్నీ చూసింది. వదల్లేదు. పట్టు బిగించి, తలుపు వైపు తిరిగి, గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగింది.

"ఇంద్రాణీ, సిస్టర్ కాదే. ఆ పిల్లే వచ్చుండాది. లోపలికి పంపేదా, వద్దా?"